ఆఫీసులో ఏ సిస్టమ్‌లో ఏ వెర్షన్ ఉందో అన్నీ ఒక్క షీట్‌లోకి తెచ్చుకునే పద్ధతి

గుంటూరు బ్రాడీపేట, అరండల్‌పేటల్లో ఆడిట్ ఆఫీసులు చూడండి, విజయవాడ గవర్నర్‌పేట, బందరు రోడ్ వైపు ఆఫీసులు చూడండి, చాలావాటిలో సెటప్ దాదాపు ఒకటే. ఓ పది నుంచి నలభై దాకా సిస్టమ్స్, ఒక రౌటర్, ఒకటో రెండో స్విచ్‌లు, ఓ మూల "సర్వర్" అని పిలుచుకునే మామూలు డెస్క్‌టాప్. అక్కడ ఎవర్నైనా "మీ దగ్గర ఏ టాలీ నడుస్తుందండి" అని అడిగితే "లేటెస్టే అండి" అంటారు, తీరా చూస్తే ముందు గదిలో నాలుగు సిస్టమ్స్‌లో ఒకటి, లోపల ఆర్టికల్స్ (సీఏ ట్రైనింగ్ కుర్రాళ్లు) కూర్చునే చోట ఇంకోటి, సార్ ల్యాప్‌టాప్‌లో మూడోది ఉంటది.

అయితే ఏంటి అనుకోకండి. టాలీప్రైమ్ 3.0 రిలీజ్ తర్వాత కంపెనీ డేటా మైగ్రేట్ అవుతుంది, అంటే కొత్త రూపంలోకి మారిపోద్ది, ఒకసారి మైగ్రేట్ అయ్యాక అదే డేటా పాత రిలీజ్‌లో తెరుచుకోదు. ఒకళ్లు కొత్తదాంట్లో ఓపెన్ చేసి వెళ్లిపోతే పక్క సీటు వాళ్లకి ఆ కంపెనీ రాదు, అదీ 20వ తారీఖున జీఎస్టీ త్రీబీ రిటర్న్ ఫైల్ చెయ్యాల్సిన పూట. ఇది పని ఆగిపోయే సంగతి, సేఫ్టీ సంగతి ఇంకా పెద్దది. 2017 మే 12న వనాక్రై అనే, ఫైళ్లకి తాళం వేసి డబ్బులడిగే వైరస్ వచ్చినప్పుడు దానికి మందు మైక్రోసాఫ్ట్ అప్పటికి రెండు నెలల ముందే, మార్చి 14నే ఇచ్చేసింది, అప్‌డేట్ వేసుకోని సిస్టమ్సే పోయినాయి, మన రాష్ట్రంలో పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దెబ్బతిన్నాయి. కాబట్టి ఏ సిస్టమ్‌లో ఏముందో మనిషిని అడిగి రాసుకోవడం కాదు, సిస్టమ్‌నే అడిగి రాయించుకోవాలి. అది ఎలాగో మొదట్నుంచి చెప్తా. డొమైన్ లేని, అంటే అన్ని లాగిన్‌లనీ ఒక్క సర్వర్ నడపకుండా ఏ సిస్టమ్‌కి ఆ సిస్టమ్ విడిగా ఉండే వర్క్‌గ్రూప్‌తో నడిచే ఆఫీసుల్ని దృష్టిలో పెట్టుకునే చెప్తా, ఎందుకంటే మన దగ్గర ఎక్కువ అవే.

ఒక మాట, కమాండ్ల పేర్లు ఇక్కడ పలికినట్టు తెలుగులో రాస్తున్నా, మీరు టైప్ చేసేటప్పుడు ఇంగ్లీష్ అక్షరాల్లోనే కొట్టాలి, పదాల మధ్య ఖాళీ ఎక్కడ ఉందో హైఫన్ ఎక్కడ ఉందో అలాగే ఉంచి.

మొదటి పని: ఎన్ని సిస్టమ్స్ ఉన్నాయో లెక్క తేల్చడం

వెర్షన్ల సంగతి తర్వాత, ముందు అసలు నెట్‌వర్క్‌లో ఎన్ని మిషన్లు ఉన్నాయో తెలియాలి. రౌటర్ లాగిన్ అయితే డీహెచ్‌సీపీ క్లయింట్ లిస్ట్ అని ఉంటది, రౌటర్ తనే ఐపీ ఇచ్చిన మిషన్ల లిస్ట్ అది, అందులో పేరు, ఐపీ, మ్యాక్ అడ్రస్ అన్నీ కనపడతాయి. దాన్ని కాపీ చేసి పెట్టుకోండి. మాన్యువల్‌గా ఐపీ ఇచ్చిన సిస్టమ్స్ అందులో రావు, వాటి కోసం అడ్వాన్స్‌డ్ ఐపీ స్కానర్ లాంటి ఫ్రీ టూల్ గానీ ఎన్‌మ్యాప్ గానీ నడపండి. పింగ్ కొట్టి చూస్తా అంటే మాత్రం నమ్మలేం, విండోస్ ఫైర్‌వాల్ పింగ్‌కి జవాబివ్వకుండా ఆపే సందర్భాలు చాలా ఉంటాయి, సిస్టమ్ ఆన్‌లోనే ఉన్నా లేనట్టు చూపిస్తుంది. అదే ఎన్‌మ్యాప్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా, లోపలి నెట్‌వర్క్‌లోనే, హైఫన్ ఎస్‌ఎన్ ఆప్షన్‌తో నడిపితే ఏఆర్‌పీ (లోపలి నెట్‌వర్క్‌లో మిషన్లు ఒకదాన్నొకటి కనుక్కునే పద్ధతి) మీద వెతుకుతుంది కాబట్టి ఫైర్‌వాల్ ఉన్నవి కూడా దొరికిపోతాయి.

స్కాన్ చేసే ముందు ఓనర్ దగ్గర పర్మిషన్ తీసుకోండి, వాట్సాప్‌లో ఒక్క మెసేజ్ అయినా సరే, రాతపూర్వకంగా ఉండాలి. కాంప్లెక్స్‌లలో ఒకే బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్ రెండు మూడు ఆఫీసులు పంచుకుంటుంటాయి, మీరు తెలియక పక్క ఆఫీసు మిషన్లు కూడా తడిమేస్తారు. అనుమతి లేకుండా వేరేవాళ్ల కంప్యూటర్లోకి వెళ్లడం ఐటీ చట్టం 2000లో సెక్షన్ 43, 66 కిందకి వచ్చే వ్యవహారం, సరదాగా తీసుకోవద్దు.

ఇప్పుడు పేర్లు. విండోస్ వేసినప్పుడు అదే పెట్టే పేరు డెస్క్‌టాప్ అని మొదలై తర్వాత ఏవో అక్షరాలు అంకెలు ఉంటాయి, ఆ పేర్లతో రిపోర్ట్ తీస్తే ఏది ఎవరిదో మీకే అర్థం కాదు. ఫ్రంట్‌ఆఫీస్1, అకౌంట్స్3 ఇలా పేర్లు మార్చి అదే పేరు స్టిక్కర్ మీద రాసి సీపీయూకి అంటించండి. పేరు మారిస్తే రీస్టార్ట్ అవ్వాలి, కాబట్టి ఇది సాయంత్రం అందరూ లేచాక చెయ్యండి. టాలీ డేటా గానీ ప్రింటర్ గానీ ఏ సిస్టమ్ నుంచి షేర్ అయ్యిందో ఆ సిస్టమ్ పేరు మాత్రం చూసుకోకుండా మార్చొద్దు, ఆ పేరు మీదే మిగతా సిస్టమ్స్‌లో షార్ట్‌కట్‌లన్నీ ఉంటాయి, పొద్దున్నే అన్నీ తెగిపోయి కూర్చుంటాయి.

రెండో పని: ఒక్క సిస్టమ్ దగ్గర కూర్చుని చేత్తో చూడటం

స్క్రిప్ట్, అంటే కమాండ్లన్నీ వరసగా రాసిన ఫైల్, రాసే ముందు ఒక్క మిషన్ అయినా పూర్తిగా కళ్లతో చూడండి, తర్వాత స్క్రిప్ట్ ఇచ్చే లిస్ట్ కరెక్టో కాదో పోల్చుకోడానికి అదే ఆధారం. విండోస్ ఆర్ కొట్టి విన్‌వర్ అని ఇస్తే విండోస్ వెర్షన్, బిల్డ్ నంబర్ వస్తాయి. అలాగే రన్‌లో యాప్‌విజ్ డాట్ సీపీఎల్ అని కొడితే పాత స్టైల్ ప్రోగ్రామ్స్ లిస్ట్ వచ్చిద్ది, అందులో వెర్షన్ కాలమ్ ఉంటది, ఇది విండోస్ 7లోనూ 11లోనూ పని చేస్తుంది.

టాలీప్రైమ్‌లో ఎఫ్1 కొట్టి అబౌట్‌లోకి వెళ్తే రిలీజ్ నంబర్ ఉంటది. పాత ఈఆర్‌పీ 9 అయితే స్క్రీన్ కింద ఉండే సమాచార పట్టీలో వెర్షన్ కనపడుతుంది. ఇక్కడ నంబర్ ఒక్కటే చూసి వదిలెయ్యొద్దు. టాలీప్రైమ్ వేరు, టాలీప్రైమ్ ఎడిట్ లాగ్ వేరు, రెండూ విడివిడిగా ఇన్‌స్టాల్ అయ్యేవి. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీల చట్టం కింద ఉన్న కంపెనీలు అకౌంట్స్ రాసే సాఫ్ట్‌వేర్‌లో ఆడిట్ ట్రయల్ (ఏ ఎంట్రీ ఎప్పుడు ఎలా మార్చారో రికార్డు) ఉండాలి, దాన్ని ఆపెయ్యడానికి వీల్లేకుండా ఉండాలి. మామూలు టాలీప్రైమ్‌లో ఎడిట్ లాగ్ ఆపుకోవచ్చు, ఎడిట్ లాగ్ ఎడిషన్‌లో ఆపలేం. మీ క్లయింట్లలో ప్రైవేట్ లిమిటెడ్‌లు ఉంటే ఏ సిస్టమ్‌లో ఏ ఎడిషన్ ఉందన్నది కూడా ఒక కాలమ్‌గా పెట్టుకోవాల్సిందే.

ఆఫీస్ సంగతి ఇంకో చిక్కు. 2016, 2019, 2021, మైక్రోసాఫ్ట్ 365 అన్నీ వెర్షన్ దగ్గర 16.0 అనే మొదలవుతాయి. లిస్ట్‌లో 16.0 చూసి "అన్నీ ఒకటే" అనుకుంటే తప్పు. 2013 అయితే 15, 2010 అయితే 14. కాబట్టి నంబర్ కాకుండా పూర్తి పేరు చూడాలి, వర్డ్ ఓపెన్ చేసి ఫైల్, అకౌంట్‌లోకి వెళ్తే ఏ ప్రాడక్ట్ అన్నది స్పష్టంగా రాసి ఉంటది.

మూడో పని: డబ్ల్యూఎంఐసీ జోలికి పోకుండా ఉండటం

నెట్‌లో ఎక్కడ చూసినా "డబ్ల్యూఎంఐసీ ప్రాడక్ట్ గెట్ నేమ్, వెర్షన్" అని కొట్టమంటారు. డబ్ల్యూఎంఐసీ అంటే సిస్టమ్ వివరాలు అడిగే పాత విండోస్ కమాండ్. దయచేసి కొట్టకండి. అది వెనకాల విన్32_ప్రాడక్ట్ అనే క్లాస్‌ని అడుగుతుంది, అది లిస్ట్ ఇచ్చే ముందు ఎంఎస్‌ఐ (విండోస్ సొంత ఇన్‌స్టాలర్) తో ఇన్‌స్టాల్ అయిన ప్రతి సాఫ్ట్‌వేర్‌నీ ఒకసారి కన్సిస్టెన్సీ చెక్ చేస్తుంది, ఏదైనా తేడా కనపడితే రిపేర్ కూడా మొదలెట్టేస్తుంది. ఈవెంట్ వ్యూయర్‌లో అప్లికేషన్ లాగ్ తెరిస్తే ఎంఎస్‌ఐఇన్‌స్టాలర్ పేరుతో 1035 ఈవెంట్లు వరసపెట్టి కనపడతాయి. మనం చూడ్డానికి వెళ్లి పని చేసే మిషన్‌ని కదిలించినట్టు అయిద్ది. పైగా ఎంఎస్‌ఐ కాని సాఫ్ట్‌వేర్ అసలు అందులో రానే రాదు, అంటే నిదానం, ప్రమాదం, అసంపూర్ణం, మూడూ కలిపి. మైక్రోసాఫ్ట్ కూడా డబ్ల్యూఎంఐసీని వదిలేసింది, కొత్త విండోస్ 11 మిషన్లలో ఆ కమాండే ఉండకపోవచ్చు. విండోస్‌తోనే వచ్చే కొత్త కమాండ్ విండో పవర్‌షెల్‌లో గెట్-సిమ్‌ఇన్‌స్టాన్స్ విన్32_ప్రాడక్ట్ అని అడిగినా అదే కథ, పేరు మారింది గానీ పని మారలేదు.

నాలుగో పని: రిజిస్ట్రీని అడగటం

ప్రోగ్రామ్స్ లిస్ట్‌లో మనకి కనపడేది ఎక్కడ్నుంచి వస్తుందంటే రిజిస్ట్రీలో, అంటే విండోస్ తన సెట్టింగ్స్ అన్నీ దాచుకునే చోట, అన్‌ఇన్‌స్టాల్ అనే కీ నుంచి. అది మూడు చోట్ల ఉంటది, మూడూ చదవాలి.

హెచ్‌కేఎల్‌ఎం:\సాఫ్ట్‌వేర్\మైక్రోసాఫ్ట్\విండోస్\కరెంట్‌వెర్షన్\అన్‌ఇన్‌స్టాల్\*
హెచ్‌కేఎల్‌ఎం:\సాఫ్ట్‌వేర్\వావ్6432నోడ్\మైక్రోసాఫ్ట్\విండోస్\కరెంట్‌వెర్షన్\అన్‌ఇన్‌స్టాల్\*
హెచ్‌కేసీయూ:\సాఫ్ట్‌వేర్\మైక్రోసాఫ్ట్\విండోస్\కరెంట్‌వెర్షన్\అన్‌ఇన్‌స్టాల్\*

మొదటిది 64 బిట్ సాఫ్ట్‌వేర్, రెండోది 64 బిట్ విండోస్‌లో వేసిన 32 బిట్ సాఫ్ట్‌వేర్, మూడోది అప్పుడు లాగిన్ అయి ఉన్న మనిషి తన వరకే వేసుకున్నవి. అడ్మిన్ పాస్‌వర్డ్ లేని స్టాఫ్ క్రోమ్ డౌన్‌లోడ్ చేసుకుంటే అది చాలాసార్లు ఈ మూడోదాంట్లోకి వెళ్తుంది, రెండు చోట్లే చదివిన వాళ్లకి అది కనపడదు. డబ్ల్యూఓడబ్ల్యూ అని మూడు అక్షరాలు, తర్వాత 6432, తర్వాత నోడ్, మధ్యలో ఖాళీ లేకుండా కొట్టాలి.

ఈ మూడు దార్లూ కామాలతో కలిపి గెట్-ఐటమ్‌ప్రాపర్టీకి ఇవ్వండి, దాని తర్వాత పైప్ గీత పెట్టి వేర్-ఆబ్జెక్ట్‌తో డిస్‌ప్లేనేమ్ ఖాళీగా ఉన్నవి తీసేసి, మళ్లీ పైప్ పెట్టి సెలెక్ట్-ఆబ్జెక్ట్‌లో డిస్‌ప్లేనేమ్, డిస్‌ప్లేవెర్షన్, పబ్లిషర్, ఇన్‌స్టాల్‌డేట్, ఇన్‌స్టాల్‌లొకేషన్ అడగండి. కంప్యూటర్ పేరు, యూజర్ పేరు కూడా కాలమ్స్‌గా కలపండి, అవి ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌లోనే ఉంటాయి, డాలర్ గుర్తు పెట్టి ఎన్వ్ కోలన్ కంప్యూటర్‌నేమ్, అలాగే ఎన్వ్ కోలన్ యూజర్‌నేమ్. చివర ఎక్స్‌పోర్ట్-సీఎస్‌వీ (ఎక్సెల్‌లో తెరుచుకునే మామూలు టెక్స్ట్ టేబుల్‌గా రాస్తుంది), దానికి నోటైప్‌ఇన్ఫర్మేషన్, ఎన్‌కోడింగ్ యూటీఎఫ్8 రెండూ తప్పకుండా ఇవ్వాలి. ఎన్‌కోడింగ్ ఇవ్వకపోతే పాత పవర్‌షెల్ ఆస్కీలో రాసేస్తుంది, ఎక్కడైనా తెలుగు అక్షరాలుంటే అన్నీ ప్రశ్నార్థకాలు అయిపోతాయి.

ఇన్‌స్టాల్‌డేట్ ఏడాది, నెల, రోజు కలిపి ఎనిమిది అంకెల్లో వస్తుంది, చాలావాటికి ఖాళీగానే ఉంటది, కొన్నిటికి అప్‌డేట్ అయినప్పుడల్లా మారిపోద్ది. దాన్ని కొన్న తేదీగా లెక్క పెట్టొద్దు.

ఇంకో ముఖ్యమైనది, పవర్‌షెల్ ఎక్స్86 అని ఇంకోటి ఉంటది స్టార్ట్ మెనూలో. అందులోంచి నడిపితే మొదటి దారి అడిగినా విండోస్ తిప్పి రెండోదే చూపిస్తుంది, 64 బిట్ సాఫ్ట్‌వేర్ మొత్తం మాయం, ఎర్రర్ కూడా రాదు. లిస్ట్ మరీ చిన్నగా వస్తే ముందు అనుమానించాల్సింది ఇదే.

విండోస్ వెర్షన్ కూడా అదే స్క్రిప్ట్‌లో తీసుకోండి. రిజిస్ట్రీలో ప్రాడక్ట్‌నేమ్ అనేది మాత్రం నమ్మకండి, విండోస్ 11 మిషన్‌లో కూడా అక్కడ విండోస్ 10 అనే రాసి ఉంటది. గెట్-సిమ్‌ఇన్‌స్టాన్స్ విన్32_ఆపరేటింగ్‌సిస్టమ్ అడిగి క్యాప్షన్, బిల్డ్‌నంబర్ తీసుకోండి, 22000 నుంచి పైకి ఉంటే 11, 19045 అంటే 10లో ఆఖరిదైన 22హెచ్2, 26100 అంటే 11లో 24హెచ్2. ఈ క్లాస్ అడగటం వల్ల ఏ ప్రమాదం లేదు, ఇబ్బంది పెట్టేది ప్రాడక్ట్ క్లాస్ ఒక్కటే. విండోస్ 7లో పవర్‌షెల్ 2.0 ఉంటది కాబట్టి అక్కడ గెట్-సిమ్‌ఇన్‌స్టాన్స్ బదులు గెట్-డబ్ల్యూఎంఐఆబ్జెక్ట్ వాడాలి.

ఐదో పని: అన్ని సిస్టమ్స్ నుంచి ఒక్కచోటికి తేవడం

దీనికి రెండు దార్లు. నా సలహా ఏంటంటే వర్క్‌గ్రూప్ ఆఫీసుకి మొదటిదే మేలు, రెండోది నెట్‌వర్క్ మీద పట్టు వచ్చాక.

మొదటి దారి, ప్రతి సిస్టమ్ తన లిస్ట్ తనే రాసి సర్వర్ సిస్టమ్‌లోని షేర్ ఫోల్డర్‌లో పడేసేటట్టు చెయ్యడం. సర్వర్‌లో వెర్షన్స్ అని ఒక ఫోల్డర్ చేసి షేర్ చెయ్యండి. ఎవ్రీవన్‌కి ఇచ్చేసి పాస్‌వర్డ్ ప్రొటెక్షన్ ఆపేసే అలవాటు మన దగ్గర బాగా ఉంది, అది వద్దు, ఇప్పుడు పనిచెయ్యదు కూడా, విండోస్ 11 ప్రో 24హెచ్2లో పాస్‌వర్డ్ లేని గెస్ట్ షేర్‌లు డిఫాల్ట్‌గానే ఆగిపోతాయి. దానికోసం సర్వర్‌లో ఒక ప్రత్యేక యూజర్ చేసి, పాస్‌వర్డ్ పెట్టి, ఆ ఫోల్డర్ వరకే హక్కులివ్వండి, ఒక్కో సిస్టమ్‌లో ఆ క్రెడెన్షియల్ ఒకసారి సేవ్ చేస్తే చాలు. స్క్రిప్ట్‌లో ఫైల్ పేరు కంప్యూటర్ పేరు, దాని వెనక యూజర్ పేరు వచ్చేటట్టు పెట్టండి, లేకపోతే ఒకదాని మీద ఒకటి రాసేస్తాయి.

స్క్రిప్ట్ నడవను అని మొండికేస్తే అది ఎగ్జిక్యూషన్ పాలసీ, స్క్రిప్ట్‌లని నడవనివ్వాలా వద్దా అనే విండోస్ సెట్టింగ్. మొత్తం సిస్టమ్‌కి పాలసీ మార్చెయ్యకుండా, ఒక బ్యాచ్ ఫైల్‌లో పవర్‌షెల్, హైఫన్ ఎగ్జిక్యూషన్‌పాలసీ బైపాస్, హైఫన్ ఫైల్, తర్వాత స్క్రిప్ట్ ఉన్న చోటు ఇచ్చి ఆ ఒక్కసారికే దారి ఇవ్వండి. ఆ బ్యాచ్ ఫైల్ మీద డబుల్ క్లిక్ చేస్తే చాలు.

ఈ దారి నాకు ఎందుకు ఇష్టమంటే దీనికి అడ్మిన్ హక్కులు అక్కర్లేదు. ఆ మూడు కీలూ మామూలు యూజర్ కూడా చదవగలడు. పైగా ఆ సీట్లో కూర్చునే మనిషి లాగిన్‌లోనే నడుస్తుంది కాబట్టి ఆ మనిషి తనకోసం వేసుకున్న సాఫ్ట్‌వేర్ కూడా వచ్చేస్తుంది. టాస్క్ షెడ్యూలర్‌లో పెడితే నెలకోసారి దానంతటదే నడుస్తుంది. ఆడిట్ ఆఫీసుల్లో 11, 20 తారీఖుల చుట్టూ పెట్టకండి, ఆ రోజుల్లో సిస్టమ్ కాస్త నెమ్మదించినా నింద మీ స్క్రిప్ట్ మీదకే వచ్చిద్ది.

రెండో దారి పవర్‌షెల్ రిమోటింగ్, అంటే మీ సీట్లోంచే మిగతా సిస్టమ్స్‌ని అడగటం. ప్రతి సిస్టమ్‌లో అడ్మిన్‌గా ఎనేబుల్-పీఎస్‌రిమోటింగ్ నడపాలి. నెట్‌వర్క్ ప్రొఫైల్ పబ్లిక్‌లో ఉంటే ఒప్పుకోదు, ప్రైవేట్‌కి మార్చండి. ఇది 5985 పోర్ట్ మీద నడుస్తుంది, ఎన్‌క్రిప్షన్ సర్టిఫికెట్‌తో పెట్టుకుంటే 5986. డొమైన్ లేదు కాబట్టి మీరు ఏ సిస్టమ్ నుంచి అడుగుతున్నారో అందులో ట్రస్టెడ్‌హోస్ట్స్ (నమ్మే సిస్టమ్స్ లిస్ట్) లో మిగతా సిస్టమ్స్ పేర్లు చేర్చాలి, బద్ధకించి స్టార్ గుర్తు పెట్టెయ్యకుండా పేర్లే రాయండి. ఇంత చేశాక కూడా యాక్సెస్ డినైడ్ వస్తే అవతలి సిస్టమ్ రిజిస్ట్రీలో లోకల్‌అకౌంట్‌టోకెన్‌ఫిల్టర్‌పాలసీ విలువ 1 ఉందో లేదో చూడండి. అది 1 పెట్టడం అంటే లోకల్ అడ్మిన్ పాస్‌వర్డ్ తెలిసిన ఎవరైనా దూరం నుంచే ఆ సిస్టమ్‌ని పూర్తిగా పట్టుకోవచ్చు అన్నమాట, ఆఫీసు మొత్తానికి ఒకటే పాస్‌వర్డ్ వాడేచోట ఇది చాలా ప్రమాదం, ముందు పాస్‌వర్డ్‌లు వేరువేరు చేశాకే దీని జోలికెళ్లండి.

అన్నీ కుదిరాక పేర్లన్నీ ఒక టెక్స్ట్ ఫైల్‌లో లైన్‌కొకటి రాసి, ఇన్వోక్-కమాండ్‌కి ఆ లిస్ట్, స్క్రిప్ట్ రెండూ ఇస్తే ఒకేసారి 32 సిస్టమ్స్ దాకా సమాంతరంగా అడుగుతుంది, జవాబుల్లో పీఎస్‌కంప్యూటర్‌నేమ్ అనే కాలమ్ తనే చేరుస్తుంది. ఒక్క లోటు, హెచ్‌కేసీయూ అంటే ఇక్కడ మీరు ఏ అకౌంట్‌తో వెళ్లారో దానిది, సీట్లో కూర్చున్నావిడది కాదు. ఆవిడది కావాలంటే హెచ్‌కీ_యూజర్స్ కింద లోడ్ అయి ఉన్న ప్రతి యూజర్‌ కిందా అదే అన్‌ఇన్‌స్టాల్ దారి వెతకాలి, లాగిన్ అవ్వని వాళ్లవి అప్పుడు కూడా రావు.

ఆరో పని: లిస్ట్‌లోకి రానివాటిని వెతకటం

అసలు కష్టం ఇక్కడుంది. రిజిస్ట్రీ లిస్ట్ ఎంత బాగా తీసినా, ఇన్‌స్టాలర్ ద్వారా రానిది అందులో ఉండదు.

టాలీ ఫోల్డర్‌ని మొత్తంగా కాపీ చేసి డీ డ్రైవ్‌లో పెట్టుకోవడం మామూలే, "పాతది కూడా ఉండనీ, ఎందుకైనా మంచిది" అని. ఒక సిస్టమ్‌లోనే మూడు నాలుగు టాలీలు వేరువేరు ఫోల్డర్లలో ఉండొచ్చు, రిజిస్ట్రీ ఒక్కటే చెప్తుంది, డెస్క్‌టాప్ షార్ట్‌కట్ ఇంకోదానికి ఉంటది. దీనికి గెట్-చైల్డ్‌ఐటమ్‌తో అన్ని డ్రైవ్‌లలో టాలీ డాట్ ఈఎక్స్‌ఈ అనే ఫైల్‌ని రికర్స్ ఆప్షన్‌తో వెతికించి, దొరికిన ప్రతిదాని వెర్షన్‌ఇన్ఫో తీసుకోండి. అందులో ఫైల్‌వెర్షన్, ప్రాడక్ట్‌వెర్షన్ అని రెండుంటాయి, రెండూ ఒకేలా ఉండాలని లేదు, రెండూ రాసుకోండి. డ్రైవ్ మొత్తం వెతకాలి కాబట్టి ఇది టైమ్ పడుతుంది, భోజనాల టైమ్‌లో పెట్టండి.

ఇదే పద్ధతి డీటీపీ సెంటర్లకి, ప్రెస్‌లకి కూడా. విజయవాడలో అచ్చు పని చేసే చోట్ల పేజ్‌మేకర్, దానికి తోడు అను ఫాంట్స్, కోరెల్‌డ్రా ఇవే ఆధారం, ఇప్పటికీ. పేజ్‌మేకర్ 7.0 వచ్చింది 2001లో, ఆ తర్వాత అడోబీ దాన్ని ముందుకి తీసుకెళ్లలేదు. ఆ సిస్టమ్‌ని అప్‌డేట్ చెయ్యండి అని చెప్పి వచ్చేస్తే ఆ ప్రెస్ పని ఆగిపోద్ది, ఏళ్ల తరబడి చేసిన పుస్తకాల ఫైల్స్ అన్నీ అందులోనే ఉంటాయి. అలాంటి మిషన్‌ని షీట్‌లో వేరే రంగు వేసి, ఇంటర్నెట్ తీసేసి, ఫైల్స్ బ్యాకప్ తీసి, దానికొచ్చే ప్రతి పెన్‌డ్రైవ్‌నీ ముందు వేరే సిస్టమ్‌లో స్కాన్ చేసి పెట్టేటట్టు ఏర్పాటు చెయ్యండి. అను స్క్రిప్ట్ మేనేజర్ ఏ వెర్షన్ ఉందో కూడా రాసుకోవడం మర్చిపోవద్దు, రేపు మిషన్ పోతే అదే వెర్షన్ మళ్లీ వెయ్యాలి, లేకపోతే అక్షరాలు తేడా కొట్టొచ్చు.

స్టోర్ నుంచి వచ్చే యాప్స్ కూడా ఆ కీల్లో రావు, కొత్త టీమ్స్ అలాంటిదే. వాటికి అడ్మిన్‌గా గెట్-యాప్‌ఎక్స్‌ప్యాకేజ్, హైఫన్ ఆల్‌యూజర్స్. జావా అయితే డీఎస్‌సీ (డిజిటల్) సంతకాల కోసం ఎప్పుడో వేసినవి రెండు మూడు ఒకేసారి ఉంటాయి, జావా హైఫన్ వెర్షన్ కొడితే దార్లో ముందున్న ఒక్కటే చెప్తుంది, మిగతావి ఫైల్స్ వెతికే పద్ధతిలోనే బయటపడతాయి.

లినక్స్ మిషన్ ఏదైనా ఉంటే ఈటీసీ కింద ఓఎస్-రిలీజ్ ఫైల్ చూసి, ఉబుంటు లాంటిదైతే డీపీకేజీ హైఫన్ ఎల్ కొడితే సరిపోద్ది.

ఏడో పని: షీట్ కలిపి తేడా పట్టుకోవడం

ఫైల్స్ అన్నీ ఫోల్డర్లోకి వచ్చాక ఎక్సెల్‌లో డేటా, గెట్ డేటా, ఫ్రమ్ ఫైల్, ఫ్రమ్ ఫోల్డర్ అని ఇస్తే అన్నీ ఒక్క టేబుల్ అయిపోతాయి. ఇక్కడ ఆగి వెర్షన్ కాలమ్ టైప్‌ని టెక్స్ట్‌గా మార్చండి. మార్చకపోతే 7.10 అనేది 7.1 అయిపోతుంది, కొన్ని తారీఖులుగా మారిపోతాయి, తర్వాత ఎంత వెతికినా అసలు నంబర్ తిరిగి రాదు. అలాగే సార్ట్ కొట్టి పెద్దది ఏదో చూస్తే 7.9 అనేది 7.13 కంటే పైన కూర్చుంటుంది, కానీ వెర్షన్ల లెక్కలో 13 పెద్దది, చుక్క తర్వాతది విడి నంబర్. పవర్‌షెల్‌లో చతురస్ర బ్రాకెట్లలో వెర్షన్ అని ముందు పెట్టి పోల్చితే అది సరిగ్గా లెక్క వేస్తుంది.

తర్వాత పివట్ టేబుల్ వేసి సాఫ్ట్‌వేర్ పేరు, కింద వెర్షన్లు, ఎదురుగా ఎన్ని సిస్టమ్స్ అన్నది చూడండి. ఎక్కువమందికి ఉన్న వెర్షన్‌తో మీకు పనిలేదు, ఒక్క సిస్టమ్‌లోనే, రెండు సిస్టమ్స్‌లోనే ఉన్నది చూడండి, ఎవరూ పట్టించుకోని మిషన్ అదే అయి ఉంటది.

దేన్ని ముందు పట్టుకోవాలి అంటే నా వరస ఇది. మొదట విన్‌రార్. ప్రతి ఆఫీసులో ఉంటది, తనంతట తను అప్‌డేట్ అవ్వదు, ఎవరూ అప్‌డేట్ చెయ్యరు. 5.70 కంటే పాతదాంట్లో ఏసీఈ అనే పాత రకం కుదించిన ఫైళ్ల లోపం, 6.23 కంటే పాతదాంట్లో 2023లో బయటపడ్డ లోపం, 7.13 కంటే పాతదాంట్లో 2025లో బయటపడ్డది, చివరి రెండూ దొంగలు నిజంగా వాడుకున్నాకే బయటికొచ్చాయి. క్లయింట్లు బిల్లులన్నీ జిప్ చేసి మెయిల్ చేసే ఆఫీసులో ఇది మొదటి గుమ్మం.

తర్వాత విండోస్. 7కి సపోర్ట్ 2020 జనవరి 14న, 8.1కి 2023 జనవరి 10న, 10కి 2025 అక్టోబర్ 14న అయిపోయింది, 10కి అదనపు సెక్యూరిటీ అప్‌డేట్స్‌లో చేరితే కొంతకాలం వస్తాయి, చేరారో లేదో కూడా షీట్‌లో రాయండి. ఆఫీస్ 2016, 2019కి కూడా అదే 2025 అక్టోబర్ 14, 2021కి 2026 అక్టోబర్ 13. ఫ్లాష్ ప్లేయర్ ఎక్కడ కనపడినా తీసెయ్యండి, 2020 డిసెంబర్ 31తో దాని కథ అయిపోయింది. బ్రౌజర్లు సాధారణంగా వాటంతటవే అప్‌డేట్ అవుతాయి, బాగా వెనకబడి ఉంటే ఆ సిస్టమ్‌లో అప్‌డేట్ ఎవరో ఆపేశారని అర్థం.

సిస్టమ్స్ వందలు దాటితే, ఆస్పత్రి లాగానో కాలేజీ లాగానో, ఈ ఫైళ్ల పద్ధతి బరువైపోద్ది. అప్పుడు జీఎల్‌పీఐ అనే, సిస్టమ్స్ లెక్క చూసుకునే సాఫ్ట్‌వేర్ చూడండి, ఓపెన్ సోర్స్, 2022లో వచ్చిన 10వ వెర్షన్ నుంచి ఇన్వెంటరీ దాంట్లోనే కలిపి ఇస్తున్నారు. ఒక సర్వర్‌లో అది పెట్టి, ప్రతి సిస్టమ్‌లో ఏజెంట్ వేస్తే లిస్ట్‌లు వాటంతటవే వస్తుంటాయి. చిన్న ఆఫీసుకి దాన్ని మోయడం అనవసరం, దాన్నే అప్‌డేట్ చెయ్యాల్సిన ఇంకో సాఫ్ట్‌వేర్ అయి కూర్చుంటుంది. రౌటర్, ప్రింటర్, సీసీ కెమెరా డీవీఆర్ ఫర్మ్‌వేర్ వెర్షన్లు మాత్రం ఏ ఆఫీసైనా చేత్తో అయినా షీట్ కింద రాసుకోండి.

షీట్‌ని అందరికీ కనపడే షేర్‌లో పెట్టొద్దు. ఏ సిస్టమ్‌లో ఏ లోపం ఉందో వివరంగా రాసి ఉన్న కాగితం అది. ఓనర్ దగ్గర ఒకటి, సిస్టమ్స్ చూసే మనిషి దగ్గర ఒకటి, పాస్‌వర్డ్ పెట్టి. పాత నెలలవి తీసెయ్యకుండా తారీఖు పేరుతో ఉంచండి, రెండు నెలల ఫైల్స్‌ని కంపేర్-ఆబ్జెక్ట్‌తో పోల్చితే కొత్తగా ఏమొచ్చింది, ఏం పోయింది, ఏది మారింది అన్నది వెంటనే తెలుస్తుంది. ఎవరూ అడక్కుండా కొత్తగా రిమోట్ టూల్ ఏదైనా కనపడితే, ఎనీడెస్క్ లాంటిది, ఆ రోజే ఆ సీటు వాళ్లని నెమ్మదిగా అడగండి, బ్యాంక్ కస్టమర్ కేర్ అని ఫోన్ చేసి వేయించేవాళ్లు ఎక్కువయ్యారు, భయపెట్టేటట్టు అడిగితే నిజం చెప్పరు.

ఏఎంసీకి (ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్ట్) ఇచ్చిన ఆఫీసులైతే ఈసారి రెన్యువల్‌లో ఒక లైన్ చేర్పించండి, ప్రతి నెలా సిస్టమ్ వారీగా వెర్షన్ లిస్ట్ సీఎస్‌వీలో ఇవ్వాలి, పోయిన నెలకీ ఈ నెలకీ తేడా గుర్తుపెట్టి ఇవ్వాలి అని. ఇచ్చిన మొదటి లిస్ట్‌లో ఏదో ఒక సిస్టమ్ తీసుకుని, యాప్‌విజ్ తెరిచి, మీరే పక్కన పెట్టి ఓ పది పేర్లు టిక్ కొట్టి చూసుకోండి.